యాభై ఒకటో ఏట బొంగరం: పెద్దవాళ్లు కొంచెం పిల్లలు కావచ్చా?

ప్రశ్న: లెక్కలాయన, మారతహళ్లి

నాకు యాభై ఒకటి. సొంతూరు ప్రొద్దుటూరు, బెంగళూరులో లెక్కల తనిఖీ ఉద్యోగం. గత నెల మైసూరు నుంచి వస్తూ చన్నపట్నంలో టీ కోసం ఆగినప్పుడు ఎరుపు, పసుపు చారల లక్క బొంగరం ఒకటి కొన్నాను. మేనల్లుడి కొడుక్కని మా ఆవిడతో చెప్పాను. అబద్ధం.

రోజూ రాత్రి తొమ్మిదింటికి సెల్లారులోకి దిగుతున్నాను. తాడు ములికి దగ్గర మొదలుపెట్టి చుట్టాలని చేతికి గుర్తుంది, ఎంత బిగువో గుర్తులేదు. వదులుగా చుడితే దొర్లుతుంది. మరీ బిగిస్తే తాడుతోపాటే వెనక్కి వచ్చి మోకాలి చిప్పకు తగులుతుంది. తగిలింది.

వాచ్‌మన్ కొడుకు, తొమ్మిదేళ్లవాడు, నాలుగు రోజులు ఊరికే చూశాడు. ఐదో రోజు ఇక ఆగలేక, "అంకుల్, బుగురి పట్టుకోవడమే తప్పు" అన్నాడు. రాయచూరు వైపు వాళ్లు, వాడి నోట్లో తెలుగు, కన్నడం కలిసే ఉంటాయి. ములికి పైకి ఉండేలా తలకిందులుగా పట్టించాడు. విసిరాక తాడు లాగాలి, విసురుతూ కాదు అన్నాడు. ఆఫీసులో "నాకు రాదు" అని ఒప్పుకుని ఎన్నేళ్లయిందో! ఆ పిల్లవాడి ముందు పదహారు సార్లు ఓడిపోయాను. సిగ్గు మొదటి మూడుసార్లే వేసింది.

ఆరో రోజు తిరిగింది. వీడియో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాను. "అల్లుడు వచ్చే వేళకు ఈ పిల్లచేష్టలేమిటి" అంటోంది మా ఆవిడ. పెద్దవాళ్లు అప్పుడప్పుడు పిల్లలైతే తప్పా?

జవాబు: వంటింటి కిటికీ

తప్పు కాదండీ, కానీ ఒక్క మాట. మా ఇంట్లోనూ ఒక పసివాడున్నారు, వయసు నలభై ఆరు. ఆదివారం క్రికెట్టు, వారం మధ్యలో రిమోటుతో ఎగిరే హెలికాప్టరు. అది రెండో రోజే పక్కింటి నీళ్ల ట్యాంకులో పడింది. ఆయన మనసు ఎంత స్వచ్ఛమోనని చుట్టాలంతా మురిసిపోతారు. గ్యాసు బుకింగు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు, అత్తగారి మాత్రలు ఎవరికి గుర్తుంటాయో ఎవరూ అడగరు. ఇంట్లో ఒకరు పిల్లవాడైతే పెద్దరికం రెండోవారి నెత్తిన రెండింతలు పడుతుంది. మీ ఆవిడ విసుక్కుంటున్నది బొంగరం మీదే అని మీకు గట్టి నమ్మకమేనా?

జవాబు: విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు, బసవనగుడి

నాయనా, ఇది పాత ప్రశ్నే. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు కహోలుడితో, పాండిత్యం సంపాదించుకున్నాక "బాల్యేన తిష్ఠాసేత్" అంటాడు. బాల్యంతో ఉండాలని. సరే, ఆ బాల్యమేమిటి? నోటికి వచ్చింది మాట్లాడడం, దొరికింది తినడం, ఎక్కడ పడితే అక్కడ మూత్రవిసర్జన చేయడమా? బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరులు ఈ అనుమానాన్ని ఏ మొహమాటమూ లేకుండా ఎత్తి మరీ కొట్టేశారు. "అనావిష్కుర్వన్" అన్నది సూత్రంలోని మాట. తన విద్యను చాటుకోకుండా, గర్వం లేకుండా ఉండడమే అక్కడ బాల్యం.

పదహారు సార్లు ఓడినప్పుడు మీరు బాలుడే. వీడియో పెట్టడంతో సంపాదించిందంతా ఖర్చయింది.

పైన రాసిన అమ్మాయికి కూడా ఒక మాట. అది సన్న్యాసులకు చెప్పింది తల్లీ. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో ఉపనిషత్తులో లేదు.

జవాబు: వరాహనది

చర్చకు సంబంధం లేదు కానీ చెప్పకుండా ఉండలేను. చన్నపట్నం వాళ్లు ఆలె మర అనే చెట్టే మన అంకుడు చెట్టు. మా ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేదీ ఆ కర్రతోనే. లేతు యంత్రం మీద గిరగిరా తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఒత్తితే, ఆ రాపిడి వేడికే కరిగి రంగు పట్టుకుంటుంది. బ్రష్షుతో పని లేదు. మీ బొంగరం మీకంటే ముందే చాలా తిరిగింది సార్.

లెక్కలాయన

మాస్టారి దెబ్బ మోకాలి దెబ్బకంటే గట్టిగా తగిలింది. వీడియో తీసేశాను. అప్పటికే మా తోడల్లుడు దాన్ని పదిమందికి పంపాడట.

వంటింటి కిటికీ గారూ, మన కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారని మా ఆవిడను అడిగాను. జవాబు రాలేదు, చూపు వచ్చింది. ఈ నెల నుంచి నేనే.

నిన్న రాత్రి ఫోను పైనే వదిలేసి దిగాను. మూడో విసురుకే బొంగరం దొర్లుకుంటూ ఒక కారు కిందికి పోయింది. బోర్లా పడుకుని చెయ్యి చాపుతుంటే కారు యజమాని వచ్చారు. మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి ఆయన.

"ఏమైనా పడిపోయిందా సార్?"

"బొంగరం."

పిల్లవాడు అప్పటికే స్తంభం వెనక దాక్కున్నాడు.