అన్నకి తలసీమియా, చెల్లికి లేదు. ఆమె వాహకురాలయ్యే అవకాశం సగం ఎందుకు కాదు?

గోంగూర_బీజెడ్‌సీ:

అందరికీ నమస్తే. బీఎస్సీ బీజెడ్‌సీ రెండో ఏడు నాది. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం, దానికి తోడు ఈ సెమిస్టర్ జెనెటిక్స్. బఠానీ మొక్కల వరకు బాగానే నడిచింది, మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. బహిర్గతం అంటే డామినెంట్ (ఒక్క కాపీ ఉన్నా బయటపడేది), అంతర్గతం అంటే రెసెసివ్ (రెండు కాపీలూ ఉంటేనే బయటపడేది), యుగ్మవికల్పం అంటే అలీల్ (ఒకే జన్యువుకి ఉండే రూపాల్లో ఒకటి) అని నోట్‌బుక్ చివర పేజీలో రాసుకుని నెట్టుకొస్తున్నా కాబట్టి మాటలతో పెద్ద ఇబ్బంది లేదు, లెక్కలతోనే వచ్చింది చిక్కు.

మొన్న మిడ్‌లో ఇచ్చిన ప్రశ్న ఇది. తల్లిదండ్రులిద్దరికీ ఏ జబ్బూ లేదు. కొడుక్కి తలసీమియా మేజర్ (జన్యువు రెండు కాపీలూ పాడైతే వచ్చే రక్తజబ్బు). కూతురికి ఇరవై ఏళ్లు, ఆరోగ్యంగా ఉంది. ఆమె వాహకురాలు (ఒక కాపీ పాడైనా జబ్బు లేని మనిషి) అయ్యే అవకాశం ఎంత? నేను 1/2 అని రాశాను. తల్లిదండ్రులిద్దరూ వాహకులే కాబట్టి పిల్లలు 1:2:1, నాలుగింట్లో రెండు వాహకులు, అంటే సగం. ఐదు మార్కులకి సున్నా వేశారు. జవాబు 2/3 అట. మేడంని అడిగితే పన్నెట్ స్క్వేర్ (తల్లిదండ్రుల జన్యువులు పిల్లల్లో ఎలా కలుస్తాయో చూపే నాలుగు గళ్ల పట్టిక) మళ్లీ గీసుకో అని వెళ్లిపోయారు. గీశాను, నాకు మళ్లీ సగమే వచ్చింది. విచిత్రం ఏంటంటే అదే పేపర్లో హీమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) ఉన్న అబ్బాయి చెల్లెలి గురించి ఇలాంటిదే ఇచ్చారు, వాళ్లమ్మ వాహకురాలు అని కూడా చెప్పారు, దానికి 1/2 రాస్తే ఫుల్ మార్కులు పడ్డాయి. అక్కడ ఒప్పయింది ఇక్కడ తప్పెలా అయింది?

ఇంకోటి, అడగాలంటే కొంచెం మొహమాటంగా ఉంది. నాలుకని గొట్టంలా చుట్టగలగడం బహిర్గత లక్షణం అని ప్రాక్టికల్ రికార్డులో రాసి, ఇంట్లోవాళ్ల పట్టిక వేసుకు రమ్మన్నారు. అమ్మకి రాదు, నాన్నకి రాదు, నాకు వస్తుంది. ఇద్దరిదీ అంతర్గతమే అయితే నాకెక్కణ్నుంచి వచ్చినట్టు? నాన్న నవ్వి ఊరుకున్నారు గానీ నాకు రెండు రోజులుగా అదే టెన్షన్.

ఒక్కలైను_సుబ్బు:

నాలుగు గళ్లు గీయి. జబ్బు గడి కొట్టేయి. మిగిలిన మూడింట్లో రెండు వాహకులు. 2/3. అయిపోయింది.

గోంగూర_బీజెడ్‌సీ:

అన్నా, అసలు ఎందుకు కొట్టేయాలన్నదే అర్థం కావట్లేదు. ఆమె కడుపులో పడ్డప్పుడే రావాల్సిన జన్యువులు వచ్చేశాయి కదా. అప్పుడు సగం ఉన్నది, ఇరవై ఏళ్లయ్యాక మనం ఆమెని చూసినంత మాత్రాన పెరిగిపోతుందా?

పాత_సుద్దముక్క:

సుబ్బు చెప్పింది కరెక్టే గానీ నువ్వడిగింది వేరు తల్లీ. ఇరవై రెండేళ్లుగా జువాలజీ చెబుతున్నాను, ఏటా సగం క్లాసు సరిగ్గా ఇక్కడే జారుతుంది. ఆమె జన్యువులు మారలేదు, మారింది ఆమె గురించి మనకి తెలిసినది.

మంచి కాపీని మ అందాం, పాడైన కాపీని పా అందాం. అప్పుడు పిల్లలు మమ, మపా, పామ, పాపా (నవ్వకు, జబ్బున్నది ఈ చివరివాళ్లకే). ఇలాంటి తల్లిదండ్రులకి పుట్టిన 400 మందిని కాలేజీ గ్రౌండులో నిలబెట్టామనుకో. ఇంచుమించు 100 మంది మమ, 200 మంది వాహకులు, 100 మంది పాపా. కళ్లకి గంతలు కట్టుకుని ఒకర్ని పట్టుకుంటే వాహకులు దొరికే అవకాశం 200/400. నువ్వు రాసిన సగం ఇదే, పుట్టబోయే బిడ్డ గురించి అడిగితే ఇదే జవాబు. ఇప్పుడు మైకులో జబ్బున్నవాళ్లంతా వెళ్లి చెట్టుకింద కూర్చోండి అన్నారు. తలసీమియా మేజర్ దాగే జబ్బు కాదు, మామూలుగా రెండేళ్లు నిండేలోపే బిడ్డ పాలిపోయి రక్తం ఎక్కించే పరిస్థితి వస్తుంది, కాబట్టి ఇరవై ఏళ్లు వచ్చి చలాకీగా తిరుగుతున్న అమ్మాయి ఆ చెట్టుకింద ఉండదు. గ్రౌండులో మిగిలింది 300, వాళ్లలో వాహకులు 200. సుబ్బు కొట్టేయమన్న గడి ఆ చెట్టుకింద కూర్చున్నవాళ్లది.

హీమోఫీలియాకి ఇదే ఆట ఆడి చూడు. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, తల్లి వాహకురాలు, తండ్రి బాగున్నాడు. తండ్రికున్నది ఒకే ఎక్స్, అది మంచిది, అది ప్రతి కూతురికీ వెళ్తుంది. కాబట్టి ఆడపిల్లల్లో మమ, మపా రెండు రకాలే, పాపా పుట్టే దారే లేదు. మైకులో ఎంత అరిచినా ఆడపిల్లల్లోంచి చెట్టుకిందకి ఎవరూ వెళ్లరు. ఆమె ఆరోగ్యంగా ఉందని చెప్పినా కొత్తగా తెలిసిందేమీ లేదు, సగం సగంగానే ఉండిపోయింది.

అలాగని అంతర్గతమైతే 2/3, ఎక్స్ మీదైతే 1/2 అని బట్టీ పెట్టేసేవు, మళ్లీ దొరికిపోతావు. మెదడుని దెబ్బతీసే హంటింగ్టన్ వ్యాధి ఉంది, బహిర్గతం, చాలామందిలో 30 నుంచి 50 ఏళ్ల మధ్య బయటపడుతుంది. తండ్రికి ఉండి కొడుక్కి ఇరవై ఏళ్లు, ఏ లక్షణమూ లేదు. అతనికి ఆ జన్యువు వచ్చి ఉండే అవకాశం ఇంచుమించు సగమే, ఎందుకంటే ఆ వయసుకి ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకేలా కనిపిస్తారు, చెట్టుకిందకి వెళ్లేవాళ్లు చాలా తక్కువ. అరవై ఐదేళ్లు వచ్చినా ఏమీ లేదంటే లెక్క బాగా తగ్గుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారనుకుందాం. మన దేశంలో బీటా తలసీమియా వాహకులు నూటికి ముగ్గురు నలుగురు అంటారు, లెక్క తేలిగ్గా ఉండటానికి 25 మందిలో ఒకరు అనుకో. బయటి సంబంధమైతే బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 2/3 × 1/25 × 1/4, అంటే 1/150. అదే మేనమామకి ఇస్తే? వాళ్లమ్మ వాహకురాలని ఖాయంగా తెలుసు, ఆ పాడైన కాపీ అమ్మమ్మ నుంచో తాతయ్య నుంచో వచ్చి ఉండాలి, కాబట్టి అమ్మ తోడబుట్టినవాడికి అది వచ్చి ఉండే అవకాశం 1/2. 2/3 × 1/2 × 1/4 చేస్తే 1/12. నూట యాభైలో ఒకటి ఎక్కడ, పన్నెండులో ఒకటి ఎక్కడ! క్లాసులో ఈ లెక్క బోర్డు మీద వేసిన రోజు ఎప్పుడూ గుసగుసలు వినిపిస్తాయి, ఎందుకంటే ప్రతి బెంచీలో ఎవరో ఒకరి అమ్మానాన్నలది మేనరికమే, నాదీ మేనరికమే. మేనరికం జబ్బుని పుట్టించదు, ఒకే ఇంట్లో తిరుగుతున్న పాడైన కాపీలు రెండూ ఒకే బిడ్డలో కలిసే అవకాశాన్ని పెంచుతుంది, అంతవరకే.

మేనమామ కాకుండా మేనమామ కొడుకు, అంటే బావ అయితే ఎంతో నువ్వే వేసి చెప్పు.

స్లైడ్లు_చూసేవాడు:

మాస్టారు లెక్క బాగా చెప్పారు. నేను ఏజెన్సీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా దగ్గర ఈ 2/3 ఒక్క రక్తపరీక్షతో సున్నానో ఒకటో అయిపోతుంది. హెచ్‌పీఎల్‌సీలో (హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి కొలిచే పరీక్ష) హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం 3.5 శాతం దాటితే బీటా తలసీమియా వాహకులని అనుకుంటాం. ఒంట్లో ఐరన్ బాగా తక్కువుంటే ఏ2 కూడా కిందికి దిగొచ్చు, అందుకే సీబీసీలో, అంటే రక్తకణాల లెక్క పరీక్షలో, ఎర్రకణాల సైజు కూడా చూస్తాం. వాహకుల కణాలు చిన్నగా ఉంటాయి, ఐరన్ లోపంలోనూ చిన్నగానే ఉంటాయి, ఆ తేడా పట్టుకోక ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగినవాళ్లని చూశాను. పరీక్షలో ఇవేవీ అడగరనుకో, కానీ పెళ్లికి ముందు మీరూ మీ ఫ్రెండ్సూ ఈ పరీక్ష చేయించుకుంటే పోయేదేం లేదు.

మా దగ్గర తలసీమియా కంటే సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవళ్లలా వంగే జబ్బు) ఎక్కువ. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం, అప్పట్నుంచి మాకు ఊపిరాడట్లేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, బహిర్గతం అంతర్గతం అన్న మాటలు పట్టుకుని నేనూ నీలాగే కొట్టుకున్నాను. బీటా గ్లోబిన్‌లో (హిమోగ్లోబిన్‌లో భాగమైన ప్రొటీన్) ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వేలీన్ అనే అమైనో ఆమ్లం వస్తుంది, జరిగిన మార్పు అంతే. రెండు కాపీలూ అలాంటివైతేనే మనిషి మంచాన పడతాడు కాబట్టి జబ్బుగా చూస్తే అంతర్గతం. వాహకుడి రక్తాన్ని ఎలక్ట్రోఫొరిసిస్‌లో (కరెంటుతో ప్రొటీన్లని విడదీసే పరీక్ష) పెడితే మామూలు హిమోగ్లోబిన్ ఏ, సికిల్ హిమోగ్లోబిన్ ఎస్, రెండు పట్టీలూ కనిపిస్తాయి, అక్కడ సహబహిర్గతం, అంటే రెండూ బయటపడటం. అదే వాహకుడి రక్తపు చుక్కలో సోడియం మెటాబైసల్ఫైట్ కలిపి ఆక్సిజన్ అందకుండా చేసి కాసేపాగి స్లైడ్ చూస్తే కణాలు కొడవళ్లలా వంగుతాయి, ఆ స్లైడ్ చూసినవాడు ఇది బహిర్గతమే అంటాడు. మనిషి ఒక్కడే, జన్యువూ ఒక్కటే, నువ్వు ఎక్కడ నిలబడి చూస్తున్నావన్న దాన్నిబట్టి మాట మారుతుంది. పైగా ఈ వాహక పిల్లలకి ప్రమాదకరమైన మలేరియా నుంచి రక్షణ ఎక్కువ, మలేరియా ఉన్న కొండల్లో ఈ జన్యువు ఇన్ని తరాలు నిలబడింది అందుకే.

టెక్సాస్_టీఏ:

నాలుక సంగతి ఎవరూ పట్టించుకోలేదు, పాపం ఆ అమ్మాయి రెండు రోజులుగా నిద్రపోయినట్టు లేదు. నేను ఇక్కడ డిగ్రీ మొదటి ఏడు పిల్లలకి జెనెటిక్స్ ల్యాబ్ చెబుతాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు ల్యాబ్ అయ్యాక ఆగి, గొంతు తగ్గించి ఇదే అడుగుతారు. చెల్లీ, మీ అమ్మానాన్నలు మీ అమ్మానాన్నలే. నాలుక చుట్టడం ఒక్క జన్యువుతో తేలే లక్షణం కాదు. బహిర్గతం అని మొదట 1940లో రాసింది స్టర్టెవాంట్, ఈగల మీద మొట్టమొదటి జన్యు పటం గీసిన మహానుభావుడు ఆయన. 1952లో మాట్‌లాక్ అనే ఆయన అచ్చంగా ఒకే డీఎన్ఏ ఉన్న కవలల్ని 33 జతలు చూస్తే, 7 జతల్లో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాలేదు. జన్యువు ఒక్కటే తేల్చేదైతే అలా జరగకూడదు కదా. తర్వాత 1965లో స్టర్టెవాంటే ఇది ఇంకా పుస్తకాల్లో ఉండటం చూస్తే సిగ్గుగా ఉంది అన్న అర్థంలో రాశాడు. అరవై ఏళ్లు దాటింది, మీ రికార్డులో ఇంకా ఉంది. చెవితమ్మె అతుక్కుని ఉండటం, బొటనవేలు వెనక్కి వంగటం, వీటిదీ ఇదే బాపతు, మధ్యరకాలు బోలెడు కనిపిస్తాయి.

సరే రక్తం గ్రూపులైతే ఖాయమే కదా అంటావేమో. చాలా మటుకు ఖాయమే. కానీ ఓ గ్రూపు మనిషికి ఏబీ బిడ్డ పుట్టదని పుస్తకంలో ఉంటుంది, బాంబే గ్రూపువాళ్లకి పుట్టొచ్చు. వాళ్లలో ఏ, బీ జన్యువులు ఉన్నా, వాటికి పునాదిగా ఉండాల్సిన హెచ్ అనే పదార్థం తయారు కాదు, అందుకని మామూలు పరీక్షలో ఓ అనే కనిపిస్తారు. భెండే, ఆయన సహచరులు బొంబాయిలో 1952లో కనిపెట్టారు కాబట్టి ఆ పేరు. అరుదే, కానీ ఎక్కువ కనిపించేది మన దేశంలోనే. ఒక్క గ్రూపు పట్టిక చూసి ఇంట్లో గొడవలు పెట్టుకోవద్దని మా పిల్లలకి ముందే చెప్పేస్తాను.

ఒక్కలైను_సుబ్బు:

నాకూ చుట్టడం రాదు, మా కవల తమ్ముడికి వస్తుంది. ఇన్నేళ్లూ వాడు ప్రాక్టీస్ చేశాడనుకున్నా.

గోంగూర_బీజెడ్‌సీ:

అమ్మయ్య. నాన్నకి చూపించాను, ఈసారి అమ్మ కూడా నవ్వింది.

మాస్టారూ, బావ లెక్క వేశాను. మేనమామ 1/2, ఆయన కొడుక్కి అందులో సగం 1/4. 2/3 × 1/4 × 1/4 అంటే 1/24. మొదట 1/12 వచ్చింది, మేనమామ దగ్గరే ఆగిపోయి ఒక తరం మర్చిపోయాను. తర్వాత మేనత్త కొడుక్కి కూడా వేశాను, నాన్న కూడా వాహకుడే కాబట్టి మేనత్త 1/2, ఆమె కొడుకు 1/4, అదీ 1/24. సరేనా?

పాత_సుద్దముక్క:

రెండూ సరే. మేనత్త లెక్క నేను అడగకుండానే వేశావు చూడు, అందుకు ఆ ఐదు మార్కులూ నేనిస్తున్నా. ఇదే ప్రశ్న హీమోఫీలియాకి కూడా వేసుకో, అక్కడ మేనమామ కొడుక్కీ మేనత్త కొడుక్కీ కారణం ఒకటి కాదు. కొడుక్కి ఎక్స్ ఎవరి నుంచి వస్తుందో గుర్తుపెట్టుకుని గీయి.

గోంగూర_బీజెడ్‌సీ:

తండ్రి కొడుక్కి ఎక్స్ ఇవ్వడు కాబట్టి మేనమామకి ఉన్నా ఆయన కొడుక్కి ఆ దారిలో రాదు. మేనత్త వైపు నాన్న బాగానే ఉన్నారు, ఆ జబ్బు అమ్మ వైపుది కాబట్టి అక్కడా భయం లేదు. అంటే బావలిద్దరూ సేఫ్, మేనమామ కూడా హీమోఫీలియా లేనివాడైతే సేఫే, ఎందుకంటే మగవాళ్లలో ఉంటే కనిపించేస్తుంది, చెట్టుకిందకి వెళ్లిపోతాడు! ఆ అమ్మాయి వాహకురాలైతే మాత్రం ఎవర్ని చేసుకున్నా ఆమె కొడుకులకి సగం అవకాశం ఉండనే ఉంది.

ఇక రికార్డులో నాలుక చుట్టడం బహిర్గతం అనే రాసి ఇచ్చేస్తున్నా, ప్రాక్టికల్స్ వారంలో ఉన్నాయి, నాకు సంతకం కావాలి. పట్టికలో అమ్మ పేరు పక్కన మాత్రం వస్తుంది అని అబద్ధం రాశాను.