ఎండాకాలంలో పాత ఇల్లు కొంటున్నాం: స్లాబు లోపాలు ఎలా పట్టుకోవాలి?

అల్వాల్_ఇల్లు (ప్రశ్న)

అల్వాల్ వైపు 200 గజాల్లో జీ ప్లస్ వన్ ఇండిపెండెంట్ ఇల్లు చూశాం. కట్టి 22 ఏళ్లయిందని ఓనర్ చెప్పారు. పైస్లాబు సుమారు 1,000 చదరపు అడుగులు. డాబా మీద ఈమధ్యే తెల్ల కోటింగ్ వేయించారు. పై అంతస్తులో హాలుకీ పెద్ద బెడ్‌రూమ్‌కీ ఫాల్స్ సీలింగ్ ఉంది, మిగతా గదులకి కొత్త పెయింట్. ఇప్పుడు మే నెల, వాన చుక్క లేదు, ఎక్కడా చెమ్మ కనబడటం లేదు. బ్రోకరేమో "హైదరాబాద్‌లో వానలే తక్కువ, స్లాబు గురించి బెంగ అక్కర్లేదు" అంటున్నాడు. 10 రోజుల్లో అగ్రిమెంట్ రాసుకోవాలి. వాన పడకముందే పైకప్పు సంగతి తేల్చుకునే దారి ఉందా? ఏమేం చూడాలి?

గజంబద్ద

ఆ మాట నమ్మకండి. వాన తక్కువగా, ఎండ ఎక్కువగా ఉండే చోటే స్లాబు లోపం ఎక్కువకాలం దాగి ఉంటుంది. జైసల్మేర్, జోధ్‌పూర్ లాంటి ఎడారి ఊళ్లలో పరిస్థితి ఇంకా తీవ్రం కానీ, కారణం ఒకటే. పైకప్పుని పాడుచేసేది ఎండ. ఆ పాడైన సంగతి బయటపెట్టేది వాన. మే నెలలో గాలి 42 డిగ్రీలుంటే నల్లబారిన డాబా ఉపరితలం 60 దాటుతుంది, తెల్లవారేసరికి 30 దగ్గరకి దిగుతుంది. 30 డిగ్రీల తేడాకి 10 మీటర్ల కాంక్రీటు లెక్క ప్రకారం 3 మిల్లీమీటర్లు సాగుతుంది. స్లాబు మందమంతా అంత వేడెక్కదు కాబట్టి అసలు కదలిక తక్కువే, కానీ అది ప్రతిరోజూ జరుగుతుంది. అందుకే స్లాబు మధ్యలో కంటే కొసల్లో, అతుకుల దగ్గర ముందు దెబ్బతింటుంది: పిట్టగోడ మొదలు, తూము చుట్టూ, పాత స్లాబుకి కొత్త స్లాబు కలిపిన చోట.

ఇల్లు చూడటం పైనుంచి మొదలుపెట్టండి. పొద్దున్నే వెళ్లండి, ఏటవాలు వెలుతురులో పల్లాలు బాగా తెలుస్తాయి. చిన్న సుత్తి, టేపు, టార్చ్, మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపు పట్టుకెళ్లండి. డాబాకి వాటం కనీసం 100కి 1 ఉండాలి, అంటే 30 అడుగుల పొడవుకి మూడున్నర అంగుళాల పైచిలుకు. మామూలుగానైతే నీళ్లు నిలిచే చోట ఎండాకాలంలో మట్టి వలయాలు కనబడతాయి. మీరు చూసినదానికి కొత్త కోటింగ్ ఉంది కాబట్టి అవి కప్పుకుపోయి ఉంటాయి. లెవెల్ పైపుతోనే కొలవాలి.

తూము దగ్గర కూర్చుని చూడండి. 100 మి.మీ. పైపు ఉండాలి, 1,000 చదరపు అడుగులకి కనీసం రెండు. కోటింగ్ పైపు లోపలి అంచుదాకా దిగిందా, లేక పైనే ఆగిపోయిందా? పైపుకీ కాంక్రీటుకీ మధ్య వేలితో తడమండి. సందు తగిలితే, వేపాకులు అడ్డుపడి నీళ్లు నిలిచిన ప్రతిసారీ లీకు అక్కడి నుంచే మొదలవుతుంది. తర్వాత పిట్టగోడ మొదలు చూడండి. అక్కడ గుండ్రంగా గోలా తిప్పి ఉండాలి. ప్లాస్టరుకీ నేలకీ మధ్య సన్నని గీత పొడుగ్గా పోతుంటే అతుకు విడిపోయినట్టే. ఆ గీతలో రావి మొలక ఉందంటే లోపల తేమ చాలాకాలంగా ఉంది. పైన కోసేసినా వేరు లోపలే ఉంటుంది.

ఎక్కువమంది చూడనిది ఒకటుంది. మెట్ల గదిలో ల్యాండింగ్ మట్టం, బయట డాబా మట్టం పోల్చండి. రెండు స్లాబులూ సాధారణంగా ఒకే మట్టంలో పోస్తారు. బయట 4 అంగుళాలు ఎత్తుంటే ఒక పొర కోబా (నీళ్లు దిగకుండా స్లాబు మీద ఇటుక ముక్కలతో వేసే పొర) వేసినట్టు. 7, 8 అంగుళాలుంటే లీకైనప్పుడల్లా పాతది తీయకుండా దానిమీదే ఇంకోటి వేశారన్నమాట. 4 అంగుళాల కోబా చదరపు మీటరుకి దాదాపు 200 కిలోలు. మనుషులు తిరిగే డాబాకి డిజైన్‌లో తీసుకునే లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) 150 కిలోలే. పైగా ఆ పొరల మధ్య చేరిన నీరు నెలల తరబడి స్లాబుని తడిపి ఉంచుతుంది.

కోటింగ్‌ని చూసి మాత్రం తృప్తిపడొద్దు. అంచు దగ్గర గోటితో లేపండి. రబ్బరు పొరలా సాగుతూ వస్తే పర్వాలేదు. పొడిపొడిగా రాలితే అది పెయింటు మాత్రమే, వాటర్‌ప్రూఫింగ్ కాదు. కోటింగ్ కింద పగులు ఉంటే పైన కూడా గీతగా తేలుతుంది, ఆ గీత వెంబడి సుత్తితో తట్టి చూడండి. గుల్ల శబ్దం వస్తే కింది పొర విడిపోయింది.

చువ్వ_8ఎంఎం

పైన చెప్పినవన్నీ సరే, నేను కింది వైపు గురించి చెబుతాను. డబ్బు ఎక్కువ పోయేది అక్కడే.

స్లాబు అడుగున చువ్వకి కవర్ (చువ్వని కప్పే కాంక్రీటు మందం) 20 మి.మీ. ఉండాలి. పాత ఇళ్లలో కవర్ బ్లాకులు పెట్టక చాలాచోట్ల 10 కూడా ఉండదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి దిగుతూ చువ్వని కాపాడే క్షారగుణాన్ని తగ్గిస్తుంది. దానికి తేమ తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుముకంటే 2 నుంచి 6 రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి పెచ్చులు ఊడతాయి. ఊడేముందు ఒక దశ ఉంటుంది: చువ్వల వరసలో, 6 అంగుళాలకొకటి చొప్పున, సమాంతరంగా సన్నటి గీతలు. అమ్మేవాళ్లు పుట్టీ పెట్టి పెయింట్ వేసేది వీటిమీదే. గదిలో లైట్లన్నీ ఆర్పి, టార్చ్‌ని సీలింగ్‌కి ఆనించి పక్కకి వేయండి. పుట్టీ అతుకులు, ఉబ్బులు నీడలుగా కనిపిస్తాయి. తర్వాత పొడవాటి కర్రతో సీలింగంతా రెండడుగులకొక చోట తట్టండి. గుల్ల శబ్దం వచ్చిన చోట పెన్సిల్‌తో గుర్తుపెట్టి, మొత్తం ఎన్ని చదరపు అడుగులో లెక్కవేయండి. రేటు మాట్లాడేటప్పుడు ఆ లెక్కే పనికొస్తుంది.

ఫాల్స్ సీలింగ్ వదలకండి. లైట్లు స్ప్రింగ్ క్లిప్పులతో ఉంటాయి. మెయిన్ స్విచ్ ఆపి, ఎలక్ట్రీషియన్ చేత రెండుమూడు దింపించి, ఆ రంధ్రంలోంచి ఫోన్ పెట్టి లోపల చుట్టూ వీడియో తీయండి. పెచ్చులు ఫాల్స్ సీలింగ్ బోర్డు మీదే పడి ఉంటాయి. చువ్వ కనిపిస్తే వైరు బ్రష్‌తో రుద్ది కాలిపర్‌తో మందం కొలవాలి. 8 మి.మీ. చువ్వ 6కి తగ్గితే పోయింది పావు వంతు కాదు, వైశాల్యంలో 44 శాతం. అలాంటివి కొన్ని కనబడితే అది మేస్త్రి ప్యాచ్‌తో సరిపోయేది కాదు, స్ట్రక్చరల్ ఇంజినీర్ వచ్చి రిబౌండ్ హ్యామర్ (కాంక్రీటు గట్టిదనానికి), హాఫ్ సెల్ (చువ్వల తుప్పుకి) పరీక్షలు చేసి చెప్పాలి.

బాత్రూమ్ పైన, వంటింటి మూల, సజ్జల అడుగు తప్పకుండా చూడండి. సజ్జ మీద నీళ్లు నిలుస్తాయి, ఎవరూ పట్టించుకోరు.

అల్వాల్_ఇల్లు

ఇద్దరికీ థ్యాంక్సండీ. ఈరోజు వెళ్లి చూశాం. ల్యాండింగ్ కంటే డాబా 7 అంగుళాలు ఎత్తుంది. ఒకవైపు పిట్టగోడ పొడవునా గీత ఉంది. ఫాల్స్ సీలింగ్ లైట్లు దింపడానికి ఓనర్ ఒప్పుకున్నారు, ఆదివారం చేస్తాం. నీళ్లు నిలబెట్టి పరీక్ష చేయిస్తానంటే కూడా సరేనన్నారు. అది ఎలా చేయాలో చెప్తారా? ఒక 5,000 లీటర్ల ట్యాంకర్ సరిపోతుందా?

గజంబద్ద

ఆదివారం సీలింగ్ లోపల చూసేదాకా నీళ్ల పరీక్ష ఆపండి. 7 అంగుళాలంటే కోబా రెండు పొరలు, చదరపు మీటరుకి 350 కిలోల దాకా ఇప్పటికే మోస్తోంది. కింద చువ్వల్ని తుప్పు తినేసి ఉంటే దానిమీద నీళ్ల బరువు పెట్టకూడదు.

లోపల బాగుంటేనే చేయండి, అదీ డాబా మొత్తం ఒకేసారి వద్దు. లెక్క చూడండి: 1,000 చదరపు అడుగులంటే 93 చదరపు మీటర్లు. మట్టంగా ఉంటే 5 సెం.మీ.కి 4,650 లీటర్లు చాలు. కానీ వాటం ఉన్న డాబాలో ఎత్తు కొసన 5 పెడితే తూము దగ్గర 14 సెం.మీ. అవుతుంది, అంటే అక్కడ చదరపు మీటరుకి 140 కిలోలు. అందుకని పలచటి సిమెంటు మసాలాతో 3 అంగుళాల గట్లు వేసి నాలుగు మడులు చేయండి. ఒక్కో మడిలో 4, 5 సెం.మీ. మించనివ్వకండి. ముందు తూము ఉన్న మడి, తర్వాత ఆ గీత ఉన్న పిట్టగోడ వెంబడి మడి. తూముకి గోనెపట్టా చుట్టిన గుడ్డ బిరడా పెట్టి, పైన మసాలా పూయండి. ఇలా మడి మడికి చేస్తే మీ ట్యాంకర్ సరిపోతుంది.

పక్కనే ఒక బకెట్టులో నీళ్లు పోసి, అంచు దగ్గర గీత పెట్టండి. మే ఎండకి రోజుకి సెంటీమీటరు అటూఇటూగా ఆవిరైపోతుంది. బకెట్టులో తగ్గినదానికంటే మడిలో ఎక్కువ తగ్గితే మిగతాది ఎక్కడికో దిగుతోందన్నమాట. 48 గంటలు ఉంచండి. కింద సీలింగుని 24 గంటలకి, 48కి చూడండి. నీళ్లు తీసేశాక మూడు నాలుగు రోజులు కూడా చూస్తూ ఉండాలి, ఎందుకంటే మందపాటి కోబా ముందు తాను పీల్చుకుని తర్వాత నెమ్మదిగా వదులుతుంది. 48 గంటల్లో చెమ్మ రాలేదని సర్టిఫికెట్ ఇచ్చేస్తే పొరపాటే.

పరీక్ష జరిగినన్నాళ్లూ ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి కిందికి దిగే లైన్ల వాల్వులు కట్టేయండి. లేకపోతే పైపు లీకుని స్లాబు లీకు అనుకుంటారు.

పిట్టగోడ

కొన్ని కలుపుతాను. పై అంతస్తు గదుల్లో స్లాబు అడుగున, గోడకి తాకే చోట, అడ్డంగా ఒక పగులు గది పొడవునా ఉంటే కంగారుపడకండి. ఎండకి స్లాబు సాగుతుంది, ఇటుక గోడ అంతగా సాగదు, అందుకే అక్కడ విడుతుంది. గాడి తీసి సాగే సీలెంట్ నింపి, మెష్ వేసి ప్లాస్టర్ చేస్తే సరిపోతుంది. భయపడాల్సింది బీమ్ మధ్యలో అడుగు నుంచి పైకి వెళ్లే పగులు, కాలమ్ పక్కన ఏటవాలుగా వెళ్లే పగులు. ఆ రెండూ ఇంజినీర్‌కి చూపించాల్సినవే.

డాబా మీద రేకుల షెడ్డుగానీ సోలార్ స్టాండుగానీ ఉంటే ప్రతి బోల్టు మొదలూ చూడండి. స్లాబుకి డ్రిల్ చేసి యాంకర్ బిగించి వదిలేస్తారు. నీళ్లు బోల్టు వెంట నేరుగా చువ్వదాకా దిగుతాయి. కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టినవైతే ఆ బాధ లేదు.

వాటర్ ట్యాంకు ఎక్కడుందో కూడా గమనించండి. 1,000 లీటర్లంటే టన్ను. అది బీమ్ మీదో కాలమ్ మీదో ఉండాలి. ఖాళీ స్లాబు నడిమధ్యన ఇటుకలు పేర్చి పెట్టి ఉంటే కింద ఆ గది సీలింగుని ప్రత్యేకంగా తట్టి చూడండి.

ఇక రిపేరు మాట. రెండు కోబాలూ పగలగొట్టి తీయించి, స్లాబు మీద నేరుగా కొత్త వాటర్‌ప్రూఫింగ్ చేయించడమే సరైన పని. పైన మూడోది వేస్తామనే మేస్త్రిని ఒప్పుకోవద్దు. తారు మెంబ్రేన్ వేస్తే దాన్ని ఎండకి వదిలేయకూడదు, పెళుసెక్కిపోతుంది, పైన స్క్రీడో (సిమెంటు మసాలా పొర) తెల్ల టైల్సో ఉండాలి. గుజరాత్, రాజస్థాన్ డాబాల్లో పగిలిన తెల్ల పింగాణీ ముక్కలతో వేసే చైనా మొజాయిక్ కూడా ఇక్కడి ఎండకి బాగా పనికొస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 గజాలకి తక్కువైన ఇళ్లకి తప్పనిసరి కాదు, కానీ తెల్లటి పైకప్పుతో స్లాబు కదలిక తగ్గుతుంది కాబట్టి వేయించుకోవడమే మేలు.

టాప్‌ఫ్లోర్_కూకట్‌పల్లి

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా, ఏమనుకోకండి. అపార్ట్‌మెంట్ టాప్ ఫ్లోర్ కొనేవాళ్లు ఏం చూడాలి?

చువ్వ_8ఎంఎం

స్లాబు పరీక్షలు అవే. కాకపోతే టెర్రస్ అందరిదీ, రిపేరు అసోసియేషన్ చేయించాలి. గత మూడు నాలుగేళ్ల మీటింగ్ మినిట్స్ అడిగి తీసుకుని, లీకేజీ ఫిర్యాదులు, వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు ఉన్నాయేమో చదవండి. కార్పస్ ఫండ్ (అసోసియేషన్ దాచిన నిధి) ఎంతుందో అడగండి. కొత్త ఫ్లాటయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 14 ప్రకారం స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం చూపిస్తే, 30 రోజుల్లో బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. ఫొటోలు తేదీతో సహా దాచి, ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి.

అల్వాల్ అన్నా, అగ్రిమెంట్ గురించి ఒక మాట. ఆదివారం వీడియోలో చువ్వలు కనబడ్డా, నీళ్ల పరీక్షలో చెమ్మ వచ్చినా, ముందు ఇంజినీర్ చేత రిపేరు అంచనా రాయించుకోండి. కోబా తీయడం, డెబ్రిస్ దింపి తరలించడం, చువ్వల రిపేరు, వాటర్‌ప్రూఫింగ్, ఫాల్స్ సీలింగ్ మళ్లీ వేయడం, అన్నీ విడివిడిగా ఉండాలి. డెబ్రిస్ తరలింపు మర్చిపోతారు, 7 అంగుళాల కోబా 1,000 చదరపు అడుగులకి 30 టన్నులు దాటుతుంది. ఆ మొత్తం ధరలోంచి తగ్గించమనండి. ఓనరే చేయిస్తానంటే, కోబా తీశాక ఉత్త స్లాబుని మీ ఇంజినీర్ చూసి సరేనన్నాకే పైన కొత్త పొర వేయాలని అగ్రిమెంట్‌లో రాయించండి.