80 జీబీ ఖాళీ తీశాను, మింట్ మాత్రం "అన్‌యూజబుల్" అంటోంది

పర్లా_కార్డులకొట్టు:
అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి, పెళ్లికార్డులు, జెరాక్సు కొట్టు. పాత ల్యాప్‌టాప్, విండోస్ 10. దానికి 2025 అక్టోబర్ 14తో అప్‌డేట్లు ఆపేశారు కదా, 11కి ఈ మిషను చాలదట. విండోస్ బదులు నడిచే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ వేద్దామనుకున్నా గానీ విండోస్ తీసీడానికి లేదు, ఒడియా కార్డుల ఫైళ్లన్నీ విండోస్‌లో వాడే ఆకృతి ఫాంట్లలోనే ఉన్నాయి, పాతపట్నం నుంచొచ్చే తెలుగు కార్డులు సరేసరి. రెండూ ఉండాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీ డ్రైవుని ష్రింక్ చేసి 80 జీబీ ఖాళీ తీశాను, మింట్ పెన్‌డ్రైవ్ పెడితే ఆ జాగాని అన్‌యూజబుల్ అని చూపిస్తోంది. పోనీ విండోస్‌లోనే కొత్త వాల్యూమ్ చేద్దామంటే డైనమిక్ డిస్క్‌గా మారుస్తాను, యెస్ నొక్కు అంటోంది. నొక్కీమంటారా? ఇంకోటి, 500 జీబీ డిస్క్ అని అమ్మారు, 465 చూపిస్తోంది, మోసమా?

గోదారిగట్టు_సిరొంచ:
ఎంబీఆర్ డిస్క్ అయ్యుంటది అన్నా, డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పాత పద్ధతి. కొత్త పద్ధతి జీపీటీకి మార్చెయ్, విండోస్‌లోనే దానికో టూల్ ఉంది, ఐదు నిమిషాల పని.

బరంపురం_పాతకాపు:
బాబూ యెస్ నొక్కకు!! డైనమిక్ అంటే విండోస్ సొంత పద్ధతి, అలా అయితే మింట్ ఇన్‌స్టాలర్ ఆ డిస్క్‌ని సరిగ్గా పోల్చుకోలేదు, మళ్లీ బేసిక్ చెయ్యాలంటే విండోస్ వాడు వాల్యూములన్నీ తుడిచీమంటాడు. సిరొంచ తమ్ముడు చెప్పింది కొత్త మిషన్లకి బాగానే ఉంటుంది గానీ బయాస్‌లో యూఈఎఫ్ఐ అనే కొత్త బూటింగ్ పద్ధతి లేకపోతే జీపీటీ చేశాక విండోస్ లేవదు, పైగా ఆ టూలు మూడు ప్రైమరీలు (డిస్క్‌లో ప్రధాన భాగాలు) దాటితే ఒప్పుకోదు.

అసలు లెక్క ఇదీ. ఎంబీఆర్‌లో ప్రైమరీలు నాలుగే. నీకు సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ, రికవరీ, డీ, నాలుగూ అయిపోయుంటాయి, చూసుకో. ఇంక ఎంత జాగా ఖాళీ ఉన్నా ఐదోది పుట్టదు. డీలో ఉన్నదంతా బయటి డిస్క్‌లోకి కాపీ చెయ్, నాలుగైదు ఫైళ్లు తెరిచి కూడా చూడు, ఆ తర్వాతే డీని డిలీట్ కొట్టు. మళ్లీ అక్కడే కొత్త వాల్యూమ్ చేస్తే, నాలుగోది కాబట్టి విండోస్ తనంతట తనే ఎక్స్‌టెండెడ్ (లోపల ఇంకా భాగాలు పట్టే పెద్ద భాగం) చేసి అందులో లాజికల్‌గా, అంటే లోపలి భాగంగా పెడుతుంది. సైజు మాత్రం తక్కువిచ్చి 80 ఖాళీగా వదిలీ, లినక్స్ లాజికల్లో కూడా హాయిగా లేస్తుంది. మింట్‌లో "ఎరేజ్ డిస్క్" జోలికెళ్లకు, "సమ్‌థింగ్ ఎల్స్"లోకెళ్లి ఆ ఖాళీలో ఈఎక్స్‌టీ4 (లినక్స్ వాడే ఫార్మాట్) చేసి, మౌంట్ పాయింట్ దగ్గర ఒక్క స్లాష్ పెట్టు. ఏ సిస్టమ్ లేవాలో అడిగే బూట్‌లోడర్ ఎస్‌డీఏ (మొత్తం డిస్క్) మీద, ఎస్‌డీఏ1 (అందులో ఒక భాగం) మీద కాదు. ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (పూర్తిగా షట్‌డౌన్ కానివ్వని సెట్టింగు) ఆపు, లేకపోతే మింట్‌లోంచి డీలో రాయనివ్వదు. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇన్వర్టర్ మీద చెయ్, మన కరెంటు సంగతి తెలిసిందే.

465 మోసం కాదులే, కంపెనీ వాడు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, విండోస్ 1024 చొప్పున.

గోదారిగట్టు_సిరొంచ:
ప్రైమరీల సంగతి నాకు తట్టలే. పాతకాపు చెప్పినట్టే చెయ్యి అన్నా.

పర్లా_కార్డులకొట్టు:
అన్నయ్యా అయిపోయింది! నువ్వన్నట్టే నాలుగూ ప్రైమరీలే. కాపీకే ఓ రాత్రి పట్టింది, మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది, అక్కడ పెళ్లివాళ్లేమో కార్డులేవీ అని ఫోన్ల మీద ఫోన్లు. ఇప్పుడు రెండూ లేస్తున్నాయి. ఒకటే తేడా, మింట్ వాడి విండోస్‌లోకొస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కెళ్లిపోతోంది, మధ్యాహ్నం కొట్టిన బిల్లు మీద పొద్దుటి టైము పడుతోంది.

బరంపురం_పాతకాపు:
మిషను లోపలి గడియారాన్ని లినక్స్ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది, మనకీ యూటీసీకీ తేడా సరిగ్గా ఐదున్నర. మింట్ టెర్మినల్లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 కొట్టు, మధ్యలో ఖాళీలు చూసుకో.

పర్లా_కార్డులకొట్టు:
సెట్టయ్యింది అన్నయ్యా. మింట్‌లో ఒడియా, తెలుగు కీబోర్డులు రెండూ ఎలా పెట్టుకోవాలో ఇంకో పోస్టులో అడుగుతాను, ఇప్పుడు గిరాకీ ఉంది.