వరంగల్ పెద్ద నగరమేనా? ఏ లెక్కన?

కాజీపేట జంక్షన్:
మొన్న ఆఫీసులో ఒక బెజవాడ మిత్రుడితో మాటామాటా పెరిగింది. "తెలంగాణలో హైదరాబాద్ తీసేస్తే నగరమనేదే లేదు, మీ వరంగల్ పెద్ద ఊరు, అంతే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎన్‌ఐటీ ఉంది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీ (రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ) అదే, దేశంలో మొదటిది. కాకతీయ యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ, హెల్త్ యూనివర్సిటీ ఉన్నాయి. ఢిల్లీ, విజయవాడ, సికింద్రాబాద్ లైన్లు కలిసే జంక్షన్ మాది. 2015 నుంచి గ్రేటర్ కార్పొరేషన్ కూడా. ఇంకేం కావాలి? అసలు దేన్ని చూసి పెద్ద నగరం అంటారో మీరే చెప్పండి. ఒక్క షరతు, కాకతీయుల రాజధాని అనే మాట ఎవరూ ఎత్తొద్దు. 1323లో పోయిన రాజధానిని పట్టుకుని ఇప్పుడు వాదించలేం.

మానేరు గట్టు:
నాది కరీంనగర్. కుళ్లుతో అంటున్నాననుకోకండి, 2011లో మా ఊరు 2 లక్షల 60 వేలు, మాకు ఆ ఆశే లేదు. కానీ లెక్క లెక్కే కదన్నా. రాజ్యాంగం 243పి అధికరణంలో మెట్రోపాలిటన్ ప్రాంతానికి గీత గీసింది 10 లక్షల దగ్గర. 2011లో వరంగల్ 6 లక్షల 20 వేల పైచిలుకు. తర్వాత చుట్టుపక్కల 42 ఊళ్లను కలుపుకుంటే 8 లక్షలు దాటింది, విస్తీర్ణం 400 చదరపు కిలోమీటర్లు దాటింది. విజయవాడ కార్పొరేషన్ మొత్తం 62 చదరపు కిలోమీటర్లే. అందులోనే 10 లక్షల మంది. మీ గ్రేటర్‌లో ఇప్పటికీ వరి నాట్లు పడే డివిజన్లు ఉన్నాయి. నాటేసే వాళ్లకూ ఓ కార్పొరేటర్, ఓ ఇంటి పన్ను రసీదు. బోర్డు మార్చినంత మాత్రాన ఊరు నగరమైపోదు.

భూగోళం సార్:
డిగ్రీ పిల్లలకు ఈ పాఠమే చెబుతాను కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. గీత ఒక్కటే ఉందనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. బ్యాంకు బ్రాంచీల కోసం రిజర్వ్ బ్యాంకు గీసిన గీత లక్ష. ఆ లెక్కన ఆదిలాబాద్, ముంబై రెండూ మొదటి శ్రేణే. కేంద్ర ఉద్యోగుల ఇంటి అద్దె భత్యానికి 50 లక్షలు దాటితే ఎక్స్, 5 లక్షలు దాటితే వై, మిగిలినవన్నీ జెడ్. తెలంగాణలో ఎక్స్ హైదరాబాద్, వై వరంగల్. నిజామాబాద్, కరీంనగర్ జెడ్‌లోనే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి వాళ్ల కొత్త కొలత ప్రకారమైతే చదరపు కిలోమీటరుకు 1,500 మంది చొప్పున ఒకేచోట 50 వేల మంది కుదురుకుంటే చాలు, నగరమే. ఎవరి పనికి తగ్గ గీత వాళ్లు గీసుకున్నారు. అందుకే జనాభా చూపించి వాదిస్తే తెగదు.

రామగుండాన్ని చూడండి. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ, సింగరేణి గనులు, ఎరువుల కర్మాగారం అన్నీ అక్కడే. దక్షిణాదిలో ఎన్నో ఇళ్లలో లైటు వెలిగేది అక్కడి కరెంటుతో. కానీ మంచిర్యాల మనిషి "రామగుండం పోయొస్తా" అన్నాడంటే అక్కడ నౌకరీ అయినా ఉండాలి, చుట్టాలైనా ఉండాలి. పెళ్లి బట్టలకు పోడు. నగరాన్ని చూడాల్సింది అక్కడ ఏముందని కాదు, ఎంత దూరం నుంచి, ఎన్ని రకాల పనుల మీద జనం వస్తారని.

కాజీపేట జంక్షన్:
సార్, అలాగైతే మేం గెలిచినట్టే. హన్మకొండ బస్టాండ్‌లో గంట నిలబడితే తెలిసిపోతుంది.

ఎనుమాముల అడ్తి:
బస్టాండ్ ఎందుకు తమ్మీ, ఫిబ్రవరిలో మా ఎనుమాముల మార్కెట్ యార్డుకు రా. ఇరవై ఏళ్లుగా ఇక్కడే గుమస్తాగా ఉన్నాను. మిర్చి సీజన్‌లో తెల్లారకముందే గేటు బయట ట్రాలీలు, డీసీఎంలు రోడ్డు మీదికి బారులు తీరతాయి. ఏటూరునాగారం, మంగపేట, భూపాలపల్లి, మహబూబాబాద్, గోదావరి అవతల సిరోంచ నుంచి కూడా వస్తాయి. రాత్రంతా రైతు తన బస్తాల మీదే పడుకుంటాడు. పొద్దున ఖరీదుదారులు వస్తారు. బస్తా మూతి కోసి, పిడికెడు కాయ తీసి, ఒకటి విరిచి గింజ చూస్తారు, తొడిమె చూస్తారు, అరచేతిలో నలిపి తేమ చూస్తారు. ముక్కుకు దస్తీ కట్టుకోకుండా ఎవరూ నిలబడలేరు. ఆ తర్వాత జెండా పాట, అంటే వేలం. ఆ రోజు ఆ రకానికి అదే పైరేటు. మిగతా కుప్పలన్నీ సరుకును బట్టి దాని కిందే.

తేజ, వండర్ హాట్, టమాటా మిర్చి, ఒక్కోదానికి ఒక్కో పాట. టమాటా మిర్చి అంటే చపాటా. కారం తక్కువ, రంగు ఎక్కువ, 2025లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకన్న ముద్ర, వచ్చింది దానికే. దాని మంచి సరుకు కావాలంటే ఎక్కడి వ్యాపారైనా ఇక్కడికి రావాల్సిందే. రైతు బస్తాలు దించి, కాంటా పెట్టించి, డబ్బులు జేబులో పెట్టుకున్నాక నేరుగా ఊరికి పోడు. కాశిబుగ్గలో మందుల దుకాణం బాకీ తీరుస్తాడు, మోటారు రిపేరుకిస్తాడు, బట్టల బజార్లో బిడ్డకు డ్రెస్సు తీస్తాడు. దవాఖానలో ఎవరైనా ఉంటే చూసి వస్తాడు. ఇన్ని పనులు ఒక్క రోజులో ఒక్క చోట అయ్యేది గోదావరి దాకా ఇంకెక్కడ? జనాభా ఎనిమిది లక్షలంటారు. మా మీద బతుకు ఆధారపడ్డ వాళ్లను లెక్కేస్తే ఎంతవుతుందో ఎవరూ లెక్కేయలేదు.

బెజవాడ బండి:
అడ్తి గారూ, మీ మాట కాదనను, కళ్లకు కట్టినట్టు చెప్పారు. కానీ ఒక్క సంగతి. మీ జెండా పాటకు ముందు వ్యాపారులు ఫోన్ ఎక్కడికి చేస్తారు? గుంటూరుకే కదా, తేజ ఎంత పలికిందని. రేటు అక్కడ తేలి ఇక్కడికి వస్తోంది.

ఎనుమాముల అడ్తి:
తేజకు మీరన్నది నిజమే. చపాటాకు మాత్రం గుంటూరోళ్లే ఇక్కడికి చేస్తారు. అయినా ఆ లెక్కన గుంటూరు హైదరాబాద్ కంటే పెద్ద నగరం కావాలి, మరి ఒప్పుకుంటారా?

బెజవాడ బండి:
గుంటూరు వాళ్ల ముందు మాత్రం అనను లెండి.

హంటర్‌రోడ్:
ఇక్కడ అందరూ వచ్చేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. వెళ్లిపోయే వాళ్ల సంగతి? నేను పుట్టింది, చదివింది ఇక్కడే. మా బీటెక్ క్లాసులో వరంగల్‌లో ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఒక చేతి వేళ్లకు సరిపోతారు. 2020లో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ క్యాంపస్‌లు తెరిచినప్పుడు అందరం తిరిగి వస్తాం అనుకున్నాం. వచ్చినవాళ్లు కొందరే. సోమవారం పొద్దున హైదరాబాద్ ఉప్పల్ బస్సులో సీటు దొరికితే అదృష్టం. మా నాన్నకు తలలో రక్తం గడ్డ కట్టినప్పుడు ఇక్కడి ఆస్పత్రిలో స్కానింగ్ తీసి, మధ్యాహ్నానికే "హైదరాబాద్ తీసుకెళ్లండి" అన్నారు. అంబులెన్స్‌లో 145 కిలోమీటర్లు, జనగామ దాటేదాకా నాకున్న టెన్షన్ చెప్పలేను. నాన్న ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ ఆ రోజు నుంచి నాది ఒకటే కొలత. ఊరికి వచ్చిన మనిషి పని ఇక్కడే పూర్తవ్వాలి. ఇంకో బస్సు ఎక్కాల్సి వస్తే అది పెద్ద నగరం కాదు, పెద్ద నగరానికి దారిలో ఉన్న స్టాపు. మిర్చికి మా వరంగల్ చివరి స్టాపే, ఒప్పుకుంటాను. జబ్బుకు సగం దాకా. ఉద్యోగానికి అసలు కాదు.

ఇంకోటి, 2021 నుంచి ఒకే ఊరిని రెండు జిల్లాలు చేశారు, హన్మకొండ ఒకటి, వరంగల్ ఒకటి. ఒకే కార్పొరేషన్, ఇద్దరు కలెక్టర్లు. వానాకాలం నాలా పొంగితే ఆ నీళ్లకు జిల్లా సరిహద్దు తెలియదు.

భూగోళం సార్:
ఇది బాగా చెప్పావమ్మా. దీనికి మా శాస్త్రంలో ఓ లెక్క ఉంది. 1939లో మార్క్ జెఫర్సన్ అనే అమెరికా భూగోళవేత్త రాశాడు, కొన్ని దేశాల్లో మొదటి నగరం రెండోదాని కంటే ఎన్నో రెట్లు పెరిగిపోయి, మిగిలిన వాటిని ఎదగనివ్వదని. రాష్ట్రాలకూ ఇదే వర్తిస్తుంది. ఆంధ్రలో విశాఖ 17 లక్షలు, విజయవాడ 10 లక్షలు. తెలంగాణలో హైదరాబాద్ 67 లక్షలు, రెండోది వరంగల్, తర్వాత కలిపిన ఊళ్లతో సహా 8 లక్షలు. ఇవన్నీ 2011 లెక్కలే. మొదటిదానికీ రెండోదానికీ ఎనిమిది రెట్ల తేడా. వరంగల్ చిన్నది కావడంలో వరంగల్ తప్పు కొంతే, మిగతాది 145 కిలోమీటర్ల దూరంలో ఉంది.

కాజీపేట జంక్షన్:
మామునూరు సంగతి దానికి సాక్ష్యం సార్. నిజాం కాలం ఎయిర్‌పోర్టు, 1981 దాకా విమానాలు దిగాయి. తర్వాత శంషాబాద్ కట్టినప్పుడు 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్టు ఉండకూడదని ఒప్పందం రాసుకున్నారు, మేం ఆ లోపల పడ్డాం. 2025లో గానీ కేంద్రం నుంచి అనుమతి రాలేదు. విమానం వస్తే చూద్దాం ఈ పెద్ద ఊరు మాట ఎవరంటారో.

మానేరు గట్టు:
విమానం దిగితే పెద్ద నగరమా? కడపకు ఎప్పటి నుంచో దిగుతున్నాయి.

అసలు నేను 10 లక్షలు పట్టుకుని ఎందుకు కూర్చున్నానో చెప్పనీయండి. సార్ అన్నట్టు అది ఒకరు గీసుకున్న గీతే కావచ్చు, కానీ దాని వెనక పైసలున్నాయి. 15వ ఆర్థిక సంఘం పట్టణాల గ్రాంట్లను రెండుగా విడగొట్టింది, 10 లక్షలు దాటిన నగరాలకు వేరే పద్దు. ఆ జాబితాలో ఆంధ్ర నుంచి విశాఖ, విజయవాడ ఉన్నాయి. మన దగ్గర నుంచి హైదరాబాద్ ఒక్కటే. కాబట్టి హంటర్‌రోడ్ చెల్లె చెప్పిన నాలా బాగుపడాలన్నా ఆ అంకె కావాలి. 2027 ఫిబ్రవరిలో జనం లెక్క ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ "మాది వరంగల్" అని మురిసేవాళ్లను లెక్కపెట్టేది మాత్రం ఉప్పల్‌లోనే, అది గుర్తుపెట్టుకోండి.

కాజీపేట జంక్షన్:
నేనుండేది ఉప్పలే అన్నా.