అప్‌డేట్: హాట్ టబ్‌లో దిగాక పిల్లలకి దద్దుర్లు, కారణం తెలిసింది

బెంగళూరు సర్జాపూర్ రోడ్డులో మా ఇంటి హాట్ టబ్‌లో (వేడి నీళ్ల తొట్టి) ఆడాక పిల్లలకి ఎర్ర పొక్కులొస్తున్నాయని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. స్కిన్ డాక్టర్ గారు చూసి సూడోమొనాస్ బ్యాక్టీరియా వల్లే అన్నారు. పొక్కులు వాటంతటవే తగ్గాయి. టెక్నీషియన్ ఫిల్టర్ బయటికి తీస్తే మడతల నిండా జిగురు, ముట్టుకుంటే చేతికి అంటుకుంది. నీళ్లలో క్రిముల్ని చంపే క్లోరిన్ 1 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒక భాగం) కూడా లేదు, కనీసం 3 ఉండాలట.

“నీళ్లు మార్చే ముందు పైపులు శుభ్రం చేసే మందు వేసి జెట్లు (టబ్‌లోకి నీళ్లు చిమ్మే గొట్టాలు) ఆన్ చేయండి” అన్న సలహానే పనిచేసింది. ఎంత పాచి బయటికొచ్చిందో! ఫిల్టర్ కూడా కొత్తది వేశాం.

బోరు నీళ్లో, సబ్బో కారణమేమో అని కూడా అనుకున్నాం కానీ, బోరు నీళ్లకీ దద్దుర్లకీ సంబంధం లేదు. వాటితో హీటర్‌కి తెల్లటి పొర పడుతుంది, అది వేరే సంగతి. సబ్బు మార్చినా ఉపయోగం లేదు. ఇప్పుడు పిల్లలు దిగే ముందు ప్రతిసారీ టెస్ట్ స్ట్రిప్‌తో (నీళ్లలో ముంచితే రంగు మారే పట్టీ) క్లోరిన్, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార స్థాయి) చూస్తున్నాం.