రెటీనా కింద నీరు: టెన్షన్ వల్లనా, స్టెరాయిడ్ వల్లనా?

బెజవాడ కుర్రోడు:
మా బావకి కుడి కంట్లో మధ్యన మసక, గళ్ళ కాగితం మీద గీతలు వంకరగా కనపడుతున్నాయంటే సూర్యారావుపేటలో ఓసీటీ స్కాన్ (కంటి వెనక పొరల్ని చూపించేది) తీయించాం, సీఎస్ఆర్ అన్నారు, అంటే కంటి వెనకుండే రెటీనా పొర కింద నీరు చేరడమంట. టెన్షన్ తగ్గించుకోండి, మూడు నెలలు చూద్దాం అన్నారంతే. మందు లేకుండా ఊరికే చూడ్డమేంటండీ? ఎప్లెరినోన్ అని బిళ్ళ ఉందంటగా, అడిగి రాయించుకోమా?

మిర్చియార్డ్ గుంటూరు:
చూడ్డం కరెక్టే తమ్ముడూ, చాలామందికి మూడు నాలుగు నెలల్లో ఆ నీరు దానంతటదే ఇంకిపోద్ది. ఇక ఆ బిళ్ళ సంగతి. ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ పనిచేసే రిసెప్టర్ ఎక్కువ రెచ్చిపోతే రెటీనా వెనక రక్తనాళాలు ఉబ్బుతాయని 2012లో ఎలకల మీద చూపించారు, దాన్ని అడ్డుకునే మందు కాబట్టి అందరూ ఆశపడ్డారు. బ్రిటన్‌లో చాన్నాళ్ళుగా తగ్గని 114 మందిలో సగం మందికి అదీ, సగం మందికి ఉత్తుత్తి బిళ్ళా ఇచ్చి ఏడాది చూస్తే చూపులో తేడా రాలేదు, 2020లో లాన్సెట్‌లో వచ్చింది. పైగా పొటాషియం పెరుగుతుంది, రక్త పరీక్షలు చేయిస్తూ ఉండాలి. నేనైతే వద్దంటా. టెన్షన్ సంగతి అటుంచు, స్టెరాయిడ్ మందుల వల్ల కూడా ఈ నీరు చేరుద్ది, అసలు బావ అవేమన్నా వాడుతున్నాడా? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదా?

కొత్తపేట అక్క:
అన్నా, టెన్షన్‌ని మరీ అంత తీసిపారేయకండి. కుషింగ్స్ జబ్బులో బయటి మందేమీ లేకుండా సొంత అడ్రినల్ గ్రంథులే కార్టిసాల్ (ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్, టెన్షన్‌లోనూ పెరుగుతుంది) ఎక్కువ చేస్తాయి, వాళ్ళకీ సీఎస్ఆర్ వస్తుంది. మరి నిద్రల్లేకుండా నైట్ డ్యూటీలు చేసేవాళ్ళ సంగతేంటి?

మిర్చియార్డ్ గుంటూరు:
కాదనట్లేదక్కా. కానీ టెన్షన్ తగ్గించుకో అంటే ఎవరు మాత్రం తగ్గించుకోగలరు, ఇల్లు గడవద్దా? స్టెరాయిడ్ అయితే కళ్ళముందు ఉంటది, డాక్టర్ని అడిగి తగ్గించొచ్చు. మా యార్డులో ఘాటుకి తుమ్ములు ఆగక సగం మంది ముక్కు స్ప్రే కొడతారు, అందులో ఉండేదీ స్టెరాయిడే, అది మందు కిందే లెక్కెయ్యరు. ఇన్‌హేలరు, మోకాలి ఇంజెక్షను, మొహం తెల్లబడాలని రాసే క్రీము, ఇవన్నీ చెప్పాలి డాక్టర్‌కి.

కళ్ళజోడు:
మా అమ్మకి యువియైటిస్ (కంటి లోపల వాపు) వస్తే చూపు నిలబెట్టింది స్టెరాయిడ్ చుక్కలే. ఇది చదివి రేపు ఎవరైనా మందు మానేస్తే బాధ్యత ఎవరిదండీ?

మిర్చియార్డ్ గుంటూరు:
అది నిజంగా ముఖ్యమైన మాట. చాలాకాలం బిళ్ళలు మింగినవాళ్ళకి సొంత అడ్రినల్స్ పని మానేసి ఉంటాయి, ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. చుక్కలు కూడా అంతే, రాసినన్నాళ్ళు వేయాలి, మధ్యలో కంటి ప్రెషర్ చూపించుకోవాలి, కొందరికి వారాల్లోనే పెరిగి గ్లకోమాకి దారితీస్తుంది. నా కోపమంతా పాత చీటీ చూపించి మెడికల్ షాపులో ఏళ్ళ తరబడి కొనుక్కునే వాళ్ళ మీద, చీటీ తేదీ కూడా చూడకుండా ఇచ్చేవాళ్ళ మీద.

బెజవాడ కుర్రోడు:
బావని అడిగా. జలుబుకి ఫ్లూటికాసోన్ స్ప్రే చాన్నాళ్ళుగా కొడుతున్నాడంట, కళ్ళ డాక్టర్‌కి చెప్పలేదంట.

కొత్తపేట అక్క:
స్ప్రేలోంచి ఒంట్లోకి వెళ్ళేది చాలా తక్కువ తమ్ముడూ, అదే కారణమని ఇప్పుడే తేల్చేయొద్దు. సీసా పట్టుకెళ్ళి చూపించండి.