పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌కి లేజర్ ప్రింటర్ నేరుగా తగిలించాలా, పీడీఎఫ్ చేసి లాప్‌టాప్‌లో తియ్యాలా?

పర్లాకిమిడి ప్రెస్:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, శుభలేఖలు, దినకార్యం కార్డులు, బిల్లుబుక్కులు వేస్తాం, ఒక పక్క తెలుగు ఒక పక్క ఒడియా. పనంతా ఎక్స్‌పీ సిస్టమ్‌లో పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ మీదే. తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ లాక్ (ఇది తగిలిస్తేనే ఆ సాఫ్ట్‌వేర్ నడుస్తాది) వెనకాల ప్యారలల్ పోర్టుకి, అంటే పాతకాలం ప్రింటర్ సాకెట్‌కి ఉంటాది, ప్రింటర్ కేబులు ఆ లాక్‌కే తగిలిస్తాం, ఇన్నేళ్ళూ అలగే నడిచింది. మొన్న ప్రింటర్‌కి ఫ్యూజర్ (పొడిని వేడితో కాగితానికి అంటించే భాగం) పోయింది, పార్టు దొరకలేదు. షాపులో చూపించిన కొత్తదానికి యూఎస్‌బీ తప్ప ఇంకేం లేదు, ఎక్స్‌పీ డ్రైవరూ లేదంట. మావాడేమో పీడీఎఫ్ చేసి లాప్‌టాప్‌లో తీద్దాం నాన్నా అంటాడు. నాకు మాత్రం మనసొప్పట్లేదు, ఎందుకంటే పాతపట్నం నుంచి పొద్దున్నే ఒకాయన వచ్చి పెళ్ళికొడుకు మేనమామ పేరు తప్పుపడింది అంటాడు, అక్కడే మార్చి అక్కడే ట్రేసింగ్ (ట్రేసింగ్ కాగితం మీద ప్రింట్) తీసి అచ్చు ప్లేటుకి పంపాలి, మధ్యలో పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగితే పాత ఫైలు ఒకటి కొత్త ఫైలు ఒకటి కలిసిపోతాయి, ఒకసారి అలగే 500 కార్డులు పాడయ్యాయి. పాత ప్యారలల్ ప్రింటరే సెకండ్‌హ్యాండ్‌లో వెతికి తగిలించాలని నా ఉద్దేశం. మీరేమంటారు?

బరంపురం డీటీపీ:
అన్నయ్యా, నేను ఒప్పుకోను. సెకండ్‌హ్యాండ్ ప్రింటర్ కొంటే ఈరోజు ఫ్యూజర్, రేపు పికప్ రోలర్, మళ్ళీ ఇదే వెతుకులాట. ఇంకోటి, మీ కార్డుల్లో బోర్డర్లు, వినాయకుడు బొమ్మలు ఈపీఎస్ ఫైళ్ళు, అంటే గీతల రూపంలో దాచిన బొమ్మలు కదా. పోస్ట్‌స్క్రిప్ట్ అనే పేజీ భాష తెలియని ప్రింటర్‌కి పేజ్‌మేకర్ వాటి అసలు గీతలు పంపదు, స్క్రీన్ మీద కనపడే ప్రివ్యూ బొమ్మనే పంపుతాది, అందుకే అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. నేను ఎక్స్‌పీలో ఒక పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవర్ పెట్టి, పోర్టు దగ్గర ఫైల్ అని ఎంచి, ఫాంట్లు ఆ ఫైల్లోనే వెళ్ళేలా పెట్టి ప్రింట్ ఇస్తాను, ఆ ఫైలు లాప్‌టాప్‌లో ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో పీడీఎఫ్ అవుతాది. ఒత్తులూ గుణింతాలూ ఒక్కటి చెదరదు, ఒడియా అకృతి ఫాంటు కూడా.

పర్లాకిమిడి ప్రెస్:
చేసి చూశాను తమ్ముడూ. అక్షరాలు బాగున్నాయి, నిజమే. కానీ 100 మిల్లీమీటర్ల గీత గీసి ట్రేసింగ్ తీసి స్కేలు పెడితే 96 వచ్చింది. రెండు రంగుల కార్డులో ఒక రంగు పాత ట్రేసింగూ ఇంకో రంగు ఇదీ అయితే ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చుంటాయి? నేను భయపడింది దీనికే.

బరంపురం డీటీపీ:
అది పీడీఎఫ్ తప్పు కాదన్నయ్యా, రీడర్‌లో ప్రింట్ ఇచ్చేటప్పుడు ఫిట్ అని ఉండిపోయింది. మార్జిన్ లోపలికి పేజీని కుదించేస్తాది. యాక్చువల్ సైజ్ పెట్టి మళ్ళీ కొలవండి.

రాయగడ సర్వీస్:
నేను ప్రింటర్లు రిపేర్ చేస్తాను, నా మాట కూడా వినండి. ముందు కేబుల్ సంగతి. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే కేబుల్ కొని తగిలిస్తే పాత ప్రింటర్ విండోస్‌లో పనిచేస్తాది గానీ అది ఎల్‌పీటీ1 (అసలు ప్యారలల్ పోర్టు) అవదు, యూఎస్‌బీ001 అని వేరే పోర్టు వస్తాది, మీ లాక్‌ని దానికి పెడితే పనిచెయ్యదు, చాలామంది ఇక్కడే డబ్బులు పోగొట్టుకుంటున్నారు. లాక్ ఉన్నచోటే ఉండనివ్వండి.

ఇక కొత్త ప్రింటర్. తక్కువ ధరవాటిలో చాలా వాటికి సొంత తెలివి ఉండదు, పేజీ తయారుచేసే పనంతా కంప్యూటర్లో డ్రైవరే చెయ్యాలి, కంపెనీ ఎక్స్‌పీ డ్రైవర్ ఇవ్వకపోతే ఇక దారి లేదు. పీసీఎల్ అనే ఇంకో పేజీ భాష గానీ పోస్ట్‌స్క్రిప్ట్ గానీ అర్థం చేసుకునేదీ, ఈథర్‌నెట్ (నెట్‌వర్క్ కేబుల్) సాకెట్ ఉన్నదీ తీసుకోండి. అప్పుడు కంపెనీ డ్రైవర్ అక్కర్లేదు. ఎక్స్‌పీలో లోకల్ ప్రింటర్ అని మొదలుపెట్టి, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్టు తయారుచేసి, ప్రింటర్ ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) కొట్టి, రా పద్ధతి, 9100 నంబరు, డ్రైవర్ ఎక్స్‌పీలోనే ఉన్న హెచ్‌పీ లేజర్‌జెట్ 4. పీసీఎల్ 5 తెలిసిన ప్రింటర్ దీంతో పలుకుతాది. డ్యూప్లెక్సూ (రెండు పక్కలా ప్రింట్) ట్రేలూ కొన్ని రాకపోవచ్చు, ట్రేసింగ్‌కి అవి ఎందుకు? ప్రింటర్‌ని మాత్రం చిన్న యూపీఎస్‌కి తగిలించొద్దు, ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటు అది మొయ్యలేదు, మన దగ్గర కరెంటు పోతాదని అందరూ ఇదే చేస్తున్నారు.

బరంపురం డీటీపీ:
ఎక్స్‌పీని నెట్‌వర్క్‌లో పెట్టమంటున్నారా? దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8నే ఆగిపోయింది. వైరస్ వస్తే ఇరవై ఏళ్ళ మేటర్ పోతాది.

రాయగడ సర్వీస్:
ఇంటర్నెట్ ఇవ్వమనలేదు. చిన్న నెట్‌వర్క్ స్విచ్ ఒకటి, దానికి ఆ సిస్టమూ ప్రింటరూ, అంతే. ఐపీలు చేత్తో ఇచ్చి గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారి) ఖాళీగా వదిలెయ్యండి, రూటర్ జోలికే పోవద్దు. మీరు భయపడాల్సింది ఇంకొకదానికి, కొత్త విండోస్‌కి ప్రింటర్ తగిలించి ఎక్స్‌పీకి షేర్ చెయ్యడం. దానికి ఎస్‌ఎంబీ1 అనే పాత షేరింగ్ పద్ధతి ఆన్ చెయ్యాలి, 2017లో వానాక్రై వైరస్ పాకింది దాంట్లోంచే, ఆ ఏడాదే విండోస్ 10లో దాన్ని మామూలుగా పెట్టడం ఆపేశారు.

పర్లాకిమిడి ప్రెస్:
యాక్చువల్ సైజ్ పెడితే సరిగ్గా 100 వచ్చింది తమ్ముడూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తర్వాత సీపీయూ మోసుకెళ్ళి పక్క జెరాక్స్ షాపులో నెట్‌వర్క్ మిషన్‌కి రాయగడ ఆయన చెప్పినట్టు లేజర్‌జెట్ 4 డ్రైవర్‌తో కలిపాను, నేరుగా వచ్చింది, కొలతా సరిపోయింది, తెలుగు అక్షరం నల్లగా నిండుగా పడింది, చాలా సంతోషం వేసింది. కానీ వినాయకుడు తొండం మీద నువ్వు చెప్పిన మెట్లు కనిపించాయి, పీడీఎఫ్‌లో లేవు. అంచేత ప్యారలల్ ప్రింటర్ వెతకడం మానేశాను, పోస్ట్‌స్క్రిప్ట్ ఉన్న ఈథర్‌నెట్ ప్రింటరే కొంటాను, ధర కొంచెం ఎక్కువైనా పర్లేదు. పేరు మార్చడం, ట్రేసింగ్ తియ్యడం ఒకే సిస్టమ్‌లో జరగాలన్నదాని మీద మాత్రం నేను కదలను.

బరంపురం డీటీపీ:
తియ్యండి అన్నయ్యా, కాదనను. కానీ ఫైనల్ అయిన ప్రతి కార్డుకీ ఒక పీడీఎఫ్ చేసి పక్కన పెట్టండి. ఆ లాక్ ఒక్కటి కాలిపోయిందంటే పేజ్‌మేకర్ ఫైలు తెరిచినా ఒక్క పేరు కూడా దిద్దలేం, పీడీఎఫ్ ఉంటే ఉన్నదున్నట్టు ప్రింటైనా వస్తాది.